పేరు రావాల్సిన చోటు

2 ఫిబ్రవరి 1961, గురువారం

సాయంత్రం బస్సుకు అమ్మా నేనూ గుంటూరు నుంచి వచ్చాం. దారి పొడుగునా అమ్మ కిటికీలోంచి మిరప కళ్ళాలు చూస్తూ, ఎవరి కాయ ఎర్రగా ఉందో ఎవరిది తాలుపోయిందో చెబుతూ కూర్చుంది. డాక్టరు చెప్పింది వేరే ఎవరికో అన్నట్టు.

చెప్పింది ఇదీ. గొంతులో గడ్డ ఉంది. కోసి తీసేయాలి. గడ్డతోపాటు మాట పుట్టే చోటు కూడా పోతుంది. మార్చి 6 సోమవారం రమ్మన్నారు. అమ్మ ఒక్కటే అడిగింది. "కోసినాక అన్నం మింగుతానా అయ్యా?" మింగుతావన్నారు. "అయితే కొయ్యండి." అంతే. మాట సంగతి అడగలేదు. పాట సంగతి అసలే అడగలేదు.

పాట సంగతి నాకు పిడుగురాళ్ళ దాటాక తట్టింది. మా పల్లెలో ఎవరు పోయినా శవాన్ని లేపే ముందు హన్నమ్మ పాట పాడాల్సిందే. పాస్టరుగారి ప్రార్థన వేరు, అది వేరు. హన్నమ్మ అంటే మా అమ్మే. నాన్న పోయిన ఏడు అమ్మ సొంతంగా కట్టిన పాట. అమ్మకు చదువు రాదు. పాట ఎక్కడా రాసి లేదు, మొత్తం ఇంకెవరికీ రాదు. అమ్మ గొంతు పోతే పాటా పోయినట్టే.

నాకు ట్రైనింగు స్కూల్లో స్వరాలు రాయడం నేర్పారు. ముప్పై రెండు రోజులున్నాయి. రాసి తీరతాను.

3 ఫిబ్రవరి

హెడ్‌మాస్టరుగారిని అడిగి స్కూలు హార్మోనియం ఇంటికి తెచ్చాను. రెండు మెట్లు పలకవు. ఫర్వాలేదు.

5 ఫిబ్రవరి, ఆదివారం

గుడి నుంచి రాగానే అమ్మను కూర్చోబెట్టి చెప్పాను. రోజూ సాయంత్రం ఒక చరణం పాడు, నేను రాసుకుంటాను, పదిరోజుల్లో అయిపోతుంది అని.

"ఎవరు పొయ్యారని పాడేది?" అంది అమ్మ.

"ఎవరూ పోలేదు. రాసుకోవడానికి."

"ఒసే పంతులమ్మా, అది చావుపాట. శవం లేకుండా మొదలుపెడితే శవాన్ని పిలిచినట్టే. మొదలుపెడితే పేరు పెట్టాల, పేరు పెడితే చివర్దాకా పాడాల. మద్దెన ఆపగూడదు. నేను కట్టిన పాట, నేను పెట్టిన కట్టు. నీ హార్మోనికి భయపడి మారతానా?"

"దేవుణ్ణి నమ్మినదానివి, ఈ శకునాలేంది అమ్మా?"

"దేవుడికీ నాకూ మద్దెన నువ్వు రామాక" అని చీపురు తీసుకుని వాకిలి ఊడవడానికి వెళ్ళిపోయింది. పొద్దున ఊడ్చిన వాకిలే.

కాసేపాగి లోపలికి తొంగి చూసి, "నువ్వు రెండు ముక్కలు గొణుక్కుంటావా, గొణుక్కో. పేరు లేకుండా గొణిగితే పాట గాదులే" అంది. అదీ ఒక దారే.

6 ఫిబ్రవరి

నాకు వచ్చినంత రాశాను. పల్లవి, రెండు చరణాలు. పల్లవి ఇది:

ఎండనబడి వచ్చెనయ్యా మా ________
ఎత్తి పొయ్యమాకు తండ్రీ, కడవ చేతికియ్యి

ఖాళీ గీత ఉన్న చోట పోయినవాళ్ళ పేరు పెట్టాలి.

పదేళ్ళ వయసు నుంచి వింటున్న పాటలో రెండు చరణాలే ఎందుకు వచ్చు అంటే, చావు ఇళ్ళల్లో నాకు పనులుంటాయి. వచ్చినవాళ్ళకు చాపలు వేయడం, పిల్లల్ని పక్కకు తీసుకుపోవడం. పాట దగ్గర కూర్చునే తీరిక ఉండదు. అంతే.

హార్మోనియం మీద పలికించి అమ్మకు వినిపించాను. చేటలో బియ్యం ఏరుతున్నదల్లా పడిపడి నవ్వింది. "ఏమే, ఇది పెళ్ళిపాట గదే! పిల్లని పంపిచ్చే పాట. ఎవరికన్నా తాంబూలం మడుపులియ్యనా?"

నవ్వితే దగ్గు వచ్చింది. నీళ్ళు మింగడానికి చాలాసేపు పట్టింది. నాకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, ఆవిడ అన్నదీ నిజమే. నేను రాసింది పెళ్ళిపాటే. గాంధారం ఒక మెట్టు కిందికి మార్చి చూశాను. అప్పుడు పాట పెళ్ళిదీ కాదు, చావుదీ కాదు, నీళ్ళు కలిపిన మజ్జిగ.

9 ఫిబ్రవరి

బడి వదిలాక ఇల్లిల్లూ తిరిగాను. ఒకరికి మూడో చరణం మొదటి సగం వచ్చు, ఒకరికి రెండో సగం. రెండూ అతకవు. "నువ్వు హన్నమ్మ కూతురివి, మమ్మల్నడుగుతావేందే?" అని ఒకావిడ మొహం మీదే అంది.

చివరికి ఇన్నయ్య మావ దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళుగా అమ్మ పాటకు తాళాలు వేసేది ఆయనే. చరణాలు ఆయనకూ రావు. తాళం మాత్రం నేలమీద వేలితో కొట్టి చూపించాడు. మూడు, నాలుగు. మూడు, నాలుగు. మొత్తం ఏడు.

"పేరు కాడ జాగర్త మణీ" అన్నాడు. "ఏడుదెబ్బల్లో పేరు పట్టాల. పోలి అంటే సాగదియ్యాల. నాగేశ్వరరావు అంటే నొక్కి కుక్కాల. మీ అమ్మ ఎవరి పేరైనా పట్టిచ్చుద్ది. ఒక్క మీ ఇంట్లోనే ఆగింది గదమ్మా, ఆ పొద్దు..."

నాకు బడి పుస్తకాలు దిద్దే పని గుర్తొచ్చి లేచి వచ్చాను.

10 ఫిబ్రవరి

రాయడానికేమీ లేదు. ఇన్నయ్య మావ ఆ మాట అనకుండా ఉండాల్సింది.

12 ఫిబ్రవరి, ఆదివారం

మా ఆయన సాగర్ నుంచి వచ్చారు. ఆనకట్ట పనిలో రెండు వారాలకోసారి సెలవు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. స్నానం చేసి, అన్నం తిని, హార్మోనియం వంక చూసి, "ఆ పాట నీకెందుకే మణీ?" అన్నారు.

"పల్లె కోసం" అన్నాను.

ఆయన తలెత్తి దూలం వంక చూశారు. దూలానికి ఇనప కొక్కెం ఇంకా ఉంది. ఎవరూ తీయలేదు. ఉట్టి కట్టుకోవచ్చులే అని నేనే ఉంచాను.

పల్లె కోసమే. పంతులమ్మని. నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

18 ఫిబ్రవరి, శనివారం

ఒంటిపూట బడి. గురజాల వెళ్ళాను. అక్కడ రామబ్రహ్మంగారని, ముప్పై ఏళ్ళు నాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దాయన ఉన్నారు. పద్యానికి శ్రుతి పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా అంటారు. ఇప్పుడు వేళ్ళు వణుకుతున్నాయి. అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను అరుగు కింద నిలబడి సంగతి చెప్పాను. మా పల్లె పేరు చెప్పగానే ఎవరమో ఆయనకు అర్థమైంది. "రా, పైకొచ్చి కూర్చో" అనలేదు. "చెప్పు పంతులమ్మా" అన్నారు. సరే, అది చాలు.

పల్లవి పాడాను. పేరు దగ్గర ఊరికే రాగం తీశాను. కళ్ళు మూసుకుని విన్నారు. మళ్ళీ పాడమన్నారు. మూడోసారీ పాడమన్నారు.

"ఇది ఏ రాగమండీ?" అని అడిగాను.

"పున్నాగవరాళి వాసనొస్తంది. ఇంకో పక్క చూస్తే కాదు. నీకు రాగం పేరు కావాల్నా, పాట కావాల్నా?"

"పాటే."

"అయితే పేరుతో పనేంది? చానామంది ఇదే అడుగుతారు. ఏ రాగం, ఏ రాగం అని. రాగానికి పేరు పెట్టకముందే జనం పాడుకున్నారు. తాళం మటుకు మిశ్రచాపు. అది ఖాయం. మరి నీ చిక్కేంది?"

పెళ్ళిపాట సంగతి చెప్పాను. పెద్దాయన ఒకటే నవ్వు. లోపల్నుంచి తన హార్మోనియం తెప్పించి రెండు గాంధారాలూ పలికించారు. "ఇది పైది. ఇది కిందిది. మీ అమ్మ గాంధారం ఈ రెంటి సందులో ఉంది. ఊరికే ఉండదు, ఊగుద్ది. ఈ పెట్టెలో ఆ సందుకు మెట్టు లేదు. ముప్పై ఏళ్ళు దీన్ని వాయించినోణ్ణి చెబుతున్నా, దీన్ని నమ్మి రాస్తే నీ పాట నీకు దక్కదు. కింది గాంధారం రాసి, దాని నెత్తిన ఇట్టా వంకర గీత గియ్యి. ఆ గీతకి అర్థం నీకు తెలిస్తే చాలు, నీ తర్వాతోళ్ళకి నువ్వు నోటితో చెప్పు. కాయితం సగమే పంతులమ్మా. మిగతా సగం నోరే."

ఎండలో నడిచి వచ్చాను కదా, నాలుక పిడచకట్టింది. నీళ్ళు అడిగాను. ఆయన భార్య సీతమ్మగారు చెంబుతో వచ్చారు. అరుగు అంచున నిలబడి చెంబు పైకెత్తి వంచబోయారు. నా చేతులు వాటంతటవే దోసిలి అయ్యాయి. నడుమూ వంగింది. ట్రైనింగు అయి ఎనిమిదేళ్ళు పాఠాలు చెబుతున్న దాన్ని.

"సీతా, ఆగు" అన్నారు రామబ్రహ్మంగారు. "చెంబు ఆ అమ్మాయి చేతికియ్యి."

సీతమ్మగారు ఆయన మొహం చూశారు, నా మొహం చూశారు. చెంబు నా చేతిలో పెట్టారు. తాగాను.

ఎత్తి పొయ్యమాకు తండ్రీ, కడవ చేతికియ్యి. ఇన్నేళ్ళు అది ప్రాసకోసం అనుకున్నాను. పరలోకంలో నీళ్ళేమిటి, దేవుడు పోయటమేమిటి అని చిన్నప్పుడు నవ్వాను కూడా. బావి గట్టెక్కనివ్వని ఊళ్ళో, పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగి పెరిగిన మనిషి దేవుణ్ణి అడిగిన ఒకే ఒక్క మర్యాద అది. అమ్మా, నువ్వు ఎంత మొండిదానివే!

20 ఫిబ్రవరి

వంకర గీత గీసిన పల్లవి గొంతుతో పాడి వినిపించాను. హార్మోనియం మూతకూడా తీయలేదు. అమ్మ బియ్యం ఏరడం ఆపింది. నవ్వలేదు. "ఎవరు జెప్పారే?" అంది. అంతకన్నా మెప్పు ఆవిడ దగ్గర దొరకదు.

24 ఫిబ్రవరి

అమ్మ గొంతు బొంగురు పోయింది. గంజి తప్ప దిగడం లేదు. పది రోజులు. మిగతా చరణాలు ఎన్నో కూడా తెలియదు.

ఒక పాపం రాయాలి. మూడిళ్ళ అవతల రాహేలవ్వకు రెండు రోజులుగా జ్వరం. ఆ మాట విని నాకు ఆశ పుట్టింది. అవ్వ పోతే అమ్మ పాడుతుంది, నేను రాసుకుంటాను అని. పెన్సిలు కూడా చెక్కి పెట్టుకున్నాను. ఛీ.

25 ఫిబ్రవరి

రాహేలవ్వ లేచి కూర్చుని సంకటి అడిగిందట. సంతోషం. నిజంగానే సంతోషం.

27 ఫిబ్రవరి

ఏడు రోజులు.

1 మార్చి, బుధవారం

రాయనని ఒట్టు పెట్టుకున్నది ఈ రోజు రాస్తాను. రాయకుండా ఆ పాట నాకు రాదని ఇవాళ పిల్లలకు తీసివేతలు చెబుతుండగా తెలిసిపోయింది. నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డాను, పిల్లలు చూడకుండా.

రెండేళ్ళ కిందట, శ్రావణమాసం. వాడు పదకొండు రోజులు బతికాడు, ఆ దూలం కొక్కేనికి కట్టిన ఉయ్యాలలో. ఆదివారం గుడిలో పేరు పెట్టించాలనుకున్నాం. శుక్రవారం పొద్దున పోయాడు. అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఇన్నయ్య మావ తాళాలు తీయగానే పాట ఎత్తుకుంది. ఎండనబడి వచ్చెనయ్యా మా... అని పేరు దగ్గరికి వచ్చి నా వంక చూసింది. "పేరేందే?" అంది.

పేరు నాకు తెలుసు. నాకూ ఆయనకూ తెలుసు, ఆరో నెలలోనే అనుకున్నాం. చెబితే ఆ పేరు శవానికి పెట్టినట్టు అయిపోతుందని చెప్పలేదు. "నోరు ముయ్యి, నా బిడ్డ మీద నీ పాటేంది!" అని అరిచాను. తాళాలు లాగి వాకిట్లోకి విసిరాను. అమ్మ ఆపేసింది. ఆయన వాణ్ణి తువ్వాలులో చుట్టుకుని పోయారు.

ఆ రోజు నుంచి ఏ చావు ఇంట్లోనూ పాట దగ్గర కూర్చోలేదు. చాపలూ లేవు, పిల్లలూ లేరు. వింటే పేరు దగ్గరికి వస్తుంది కదా. అంతకుముందు విని వచ్చిన చరణాలు కూడా మనసులోంచి తోసేసుకున్నాను.

మొదలుపెడితే చివరిదాకా పాడాలని అమ్మ పెట్టిన కట్టు. ఒక్కచోట తెగింది. తెంచింది నేను.

3 మార్చి, శుక్రవారం

అమ్మ మంచం పట్టె మీద కూర్చుని అడిగాను. "అమ్మా, శవం లేకుండా మొదలుపెట్టగూడదు అన్నావు. మొదలుపెట్టి ఆపిన పాట పూర్తి చెయ్యొచ్చా?"

అమ్మ నా వైపు తిరిగింది. గొంతు సగం గాలే. "నెలరోజుల్నించి ఇట్టా తిరిగీ అట్టా తిరిగీ ఇప్పటికొచ్చావా? గురజాల దాకా పోయొచ్చావు గదే, ఈ మంచం కాడికి రావడానికి ఇంత దూరమా?"

"నువ్వే అనొచ్చు కదా?"

"నేనెట్టా అనేది? బిడ్డ నీది. ఆపింది నువ్వు. ఆగిన పాటకి కొత్తగా శవం అక్కర్లా. అది ఇంకా నడస్తానే ఉంది. రెండేళ్ళ నుంచి గొంతులో పెట్టుకు తిరుగుతున్నా." గొంతు మీది గడ్డను వేలితో తడిమి, "ఇదదేనేమో" అని నవ్వింది. ఇట్లాంటి హాస్యాలకు నేను చచ్చిపోతాను.

"పేరు జెప్పు మరి."

చెప్పలేకపోయాను. రేపు చెబుతాను అన్నాను. మనిషిని పంపి ఆయన్ను రమ్మన్నాను.

4 మార్చి, శనివారం

ఆయన మధ్యాహ్నానికి వచ్చారు. ఇన్నయ్య మావ తాళాలు తెచ్చాడు. ఒక తాళానికి అంచు వంగి ఉంది, నేను విసిరినప్పటిది. బాగు చేయించుకోలేదు.

అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఎదురుగా, ఒళ్ళో నోటుపుస్తకం. "ఇది విరిగితే?" అని ఆయన ఇంకో పెన్సిలు చెక్కి ఇచ్చారు.

"చెప్పు" అంది అమ్మ.

"జీవరత్నం" అన్నాను. రెండేళ్ళలో మొదటిసారి. ఆయన తల దించుకున్నారు.

అమ్మ పల్లవి మొదట్నుంచి ఎత్తుకోలేదు. ఆగిన చోటే అందుకుంది. పేరుతోనే మొదలుపెట్టింది. మొదటి మాటకే నాకు ఏడుపు పొంగుకొచ్చి చెయ్యి ఆగిపోయింది. అమ్మ పాట ఆపకుండానే కాలితో నా మోకాలి మీద తన్నింది. రాయమని. రాశాను. కళ్ళు కనిపించకపోయినా రాశాను, గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కినా రాశాను.

పేరు తర్వాత వచ్చిన రెండో పాదమూ, పల్లవి తిరిగి వచ్చినప్పుడు మొదటి పాదమూ అందరికీ పాడేవి కాదు. పదకొండు రోజులవాడు ఎండలో నడవలేడు, కడవ పట్టలేడు. అందుకని అమ్మ మార్చింది:

ఎండ తగలకముందె వచ్చెనయ్యా మా జీవరత్నం
కడవ మొయ్యలేడు తండ్రీ, నువ్వె తాపి ఎత్తుకో

మొత్తం ఆరు చరణాలు. నాలుగోదానికి గొంతు పూర్తిగా పోయింది, గుసగుసలో పాడింది. ఆరోదానికి పెదవులు మాత్రమే కదిలాయి. తాళం వినిపిస్తూనే ఉంది, ఆ పెదవుల్ని చూసి రాశాను. చివర్న అమ్మ అరచెయ్యి నేలకు ఆనించింది. అయిపోయిందని గుర్తు.

ఇన్నయ్య మావ పైగుడ్డతో మొహం తుడుచుకుని, "మణీ, పేరు జూశావా? మూడు, నాలుగు. జీవ, రత్నం. సాగదీసే పని లేదు, నొక్కే పని లేదు. ఈ పాటకి ఇంత సరిగ్గా కూచున్న పేరు నేనింతవరకు వినలా" అన్నాడు.

5 మార్చి

శుద్ధప్రతి రాశాను. పదకొండు పేజీలు. గాంధారాల నెత్తిన వంకర గీతలు. రేపు తొలి బస్సు.

19 మార్చి, ఆదివారం. గుంటూరు, ఆసుపత్రి

పదమూడో రోజు. కట్టు మార్చారు. అన్నం ఇంకా గొట్టంతోనే, వచ్చే వారం నోటితో పెట్టొచ్చు అన్నారు. అమ్మ మాట్లాడబోయి, గాలి మెడలోంచి పోతే ఉలిక్కిపడి, నా వంక చూసి, తర్వాత చేతులతో తిట్టింది. దుప్పటి సరిగా మడవలేదని.

మధ్యాహ్నం వార్డు నిద్రపోతుంటే నోటుపుస్తకం తీశాను. మాటలు లేకుండా స్వరాలే మెల్లగా పాడాను. మూడో చరణంలో అమ్మ చెయ్యెత్తి ఆపింది. చూపుడు వేలు అడ్డంగా పెట్టి, కొంచెం కిందికి దించి, ఊపింది. గాంధారం ఇంకా పైకే పోతోందన్నమాట. మళ్ళీ పాడాను. ఇంకొంచెం దించింది. నాలుగోసారికి కళ్ళు మూసుకుంది.

ఎదురు మంచం మీద మాచవరం ఆవిడ లేచి, "అదేం పాటమ్మా, శానా బాగుంది, పెళ్ళిపాటా?" అంది. అమ్మ భుజాలు కదిలాయి. నవ్వే. చప్పుడు లేదు, అంతే.

పల్లవికి వచ్చాక మాటలు కలిపి, పేరు దగ్గర మాత్రం మాట లేకుండా దాటబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం ఇంకా అమ్మదే. ఆపి, నోరు తెరిచి, చప్పుడు లేకుండా పెదవులతో ఆ పేరు అంది. నన్ను అనమంది.

పేరు పెట్టి పాడాను. చివరిదాకా పాడాను. ఎక్కడా ఆపలేదు.

తర్వాత పెన్ను అడిగి తెచ్చుకుని శుద్ధప్రతి మొదటి పేజీలో ఖాళీ గీత కింద సిరాతో రాశాను. పెన్సిలుతో కాదు.

గ మ గ | రి , స ,
జీ , వ | రత్ , నం ,

ఈ చోటులో ఇంకెవరి పేరైనా పెట్టి పాడవచ్చు. మొదట రాసినది వీడి పేరు. హన్నమ్మ మనవడు, కృపామణి కొడుకు.